ముందు అమ్మ వాటా తేల్చండి, మనవడి సంగతి తర్వాత

ప్రశ్న: అమ్మా, నాకు 69 ఏళ్లు. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాను. కూర్మన్నపాలెంలో 1994లో 200 గజాల స్థలం కొని, లోను పెట్టి ఇల్లు కట్టుకున్నాను. ఇప్పుడది గ్రౌండ్ ప్లస్ టూ. కింద మేం ఉంటాం, పై రెండు పోర్షన్లూ అద్దెకిచ్చాం. ఆనందపురం దగ్గర మా నాన్నగారు 1968లో తన కష్టార్జితంతో క్రయం చేసిన ఎకరా ఇరవై సెంట్ల జిరాయితీ (పట్టా ఉన్న సొంత) భూమి ఉంది. ఆయన 2009లో కాలం చేశారు. వీలునామా ఏమీ రాయలేదు. పాసు పుస్తకం ఇంకా ఆయన పేరునే ఉంది. అమ్మకి 88, నా దగ్గరే ఉంటుంది. చెల్లికి 1981లో పెళ్లయింది, విజయనగరంలో ఉంటుంది, "నాకేం వద్దన్నయ్యా" అంటుంది. తమ్ముడు 2016లో పోయాడు. మరదలు, వాళ్లమ్మాయి వేపగుంటలో నాన్నగారు కట్టిన పాత ఇంట్లో ఉంటున్నారు. మా అబ్బాయి అమెరికాలో, అమ్మాయి మధురవాడలో. అమ్మాయికి పసుపు కుంకుమ కింద ఇవ్వాల్సింది పెళ్లప్పుడే ఇచ్చేశాం. నా కోరిక ఒక్కటే. ఇల్లూ, భూమీ తొమ్మిదేళ్ల మా మనవడి పేర రాసి, తరతరాలు అమ్మకూడదని షరతు పెట్టాలి. అబ్బాయేమో "ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేసేయండి, తర్వాత నేను ఆఫీసుల చుట్టూ తిరగలేను" అంటున్నాడు. తాత ఆస్తి మనవడిదే కదా, ఎవర్నీ అడగక్కర్లేదని చుట్టాలు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
(కూర్మన్నపాలెం నుంచి ఒక పాఠకుడు)

జవాబు:

అన్నయ్యగారూ, నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మనవడి మీద మీ ముచ్చట ఉంది, కొడుకు మాట ఉంది, చెల్లెలి మాట ఉంది, చుట్టాల మాట కూడా ఉంది. మీ అమ్మగారు ఏమంటున్నారో లేదు. మీ ఆవిడ ఊసే లేదు. ముప్పై ఏళ్లుగా విశాఖలో వకీలుగా సివిల్ కేసులు చూస్తున్నాను. ఆస్తి పంపకాలంటూ వచ్చే పెద్దమనుషులందరూ కిందికే చూస్తారు, కొడుకు వైపూ మనవడి వైపూ. పైనున్న తల్లినీ, పక్కనున్న భార్యనీ చూడరు. చట్టం మాత్రం ముందు వాళ్లనే చూస్తుంది. అందుకే మీరు అడిగిన వరసలో కాకుండా ఆనందపురం భూమి దగ్గర మొదలుపెడతాను.

ఆ భూమి మీ నాన్నగారు సొంత డబ్బుతో కొన్నదన్నారు. 1968 నాటి క్రయ దస్తావేజు తీసి, సొమ్ము ఎక్కడిదని రాశారో ఒకసారి చూడండి. పిత్రార్జితం అమ్మిన డబ్బుతో కొన్నదైతే లెక్క వేరు. సొంతమే అనుకుందాం. వీలునామా లేకుండా హిందూ పురుషుడు చనిపోతే అతని సొంత ఆస్తి భార్యకీ, తల్లికీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమానంగా వస్తుంది. 2009లో మీ నాన్నగారి వారసులు నలుగురు: మీ అమ్మగారు, మీరు, తమ్ముడు, చెల్లెలు. 120 సెంట్లలో తలా ముప్పై.

2016లో మీ తమ్ముడు పోయారు. ఆయన ముప్పై సెంట్లు మరదలికీ, వాళ్లమ్మాయికీ వెళ్లాయని అందరూ అనుకుంటారు. చనిపోయిన కొడుకు ఆస్తిలో తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. ఆ ముప్పై మూడు భాగాలైంది: భార్యకి పది, కూతురికి పది, తల్లికి పది. ఇప్పుడు కూడండి. మీకు 30, మీ చెల్లెలికి 30, మరదలికి 10, అమ్మాయికి 10, మీ అమ్మగారికి 40. ఆ భూమిలో అందరికంటే పెద్ద వాటాదారు మీ ఇంట్లోనే ఉన్నారు. ఆవిణ్ని ఎవరూ ఏమీ అడగలేదు.

మీ మనవడికి ఈ రోజున ఆ భూమిలో ఒక్క సెంటు కూడా లేదు. మీ అబ్బాయికీ లేదు. "తాత ఆస్తి మనవడిది" అన్న మాట పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి గురించి పుట్టింది. తండ్రి సొంతంగా కొన్న ఆస్తి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుక్కి వస్తే అది కొడుకు సొంత ఆస్తే అవుతుందని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. మీ ముప్పై సెంట్లు మీవి, ఎవరికైనా రాయొచ్చు. మిగతా తొంభై మీవి కావు. మొత్తం ఎకరా ఇరవై సెంట్లూ మనవడి పేర దస్తావేజు రాసినా చెల్లేది మీ వాటా వరకే. మిగతాదానికి రేపు కోర్టులో దావా నడుస్తుంది, అందులో ప్రతివాది మీ మనవడే అవుతాడు.

చెల్లెలి సంగతి. ఆడపిల్లకి హక్కు ఎన్టీఆర్ చట్టంతో వచ్చిందని కొందరు, 2005లో వచ్చిందని కొందరు, అంతకు ముందే పెళ్లయిపోతే లేదని ఇంకొందరు మీకు చెప్పే ఉంటారు. ఆ గొడవంతా ఉమ్మడి ఆస్తి గురించి. మన రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది, అంతకు ముందు పెళ్లయిన కూతుళ్లని వదిలేసింది. 2005లో కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. తండ్రి బతికున్నా లేకున్నా కూతురికి పుట్టుకతోనే హక్కు ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రి సొంత ఆస్తిలోనైతే కూతురికి 1956 నుంచే కొడుకుతో సమాన వాటా. పెళ్లి 1981లో అయినా, 1961లో అయినా ఒకటే.

"నాకేం వద్దన్నయ్యా" అన్న మాట మీ చెల్లెలు ప్రేమతో అన్నదే అయివుంటుంది. నోటి మాటతో భూమి మీద హక్కు వదులుకోవడం కుదరదు. నిజంగా వద్దనుకుంటే రిజిస్టరు చేసిన హక్కు విడుదల దస్తావేజు కావాలి. ఒక మాట చనువుగా చెబుతాను, కోప్పడకండి. పండగకి పుట్టింటికొచ్చిన ఆడపడుచు ముందు, అన్నం పెట్టిన చేత్తోనే కాగితం పెట్టి సంతకం అడక్కండి. ముందు లెక్క చెప్పండి. "నీకు ముప్పై సెంట్లు వస్తాయమ్మా, ఈ రోజు అక్కడ సెంటు ఇంత పలుకుతోంది" అని ధర కూడా చెప్పండి. ఆనందపురంలో భూమి రేటు ఏ స్థాయికి వెళ్లిందో విజయనగరంలో ఉన్న ఆవిడకి తెలియకపోవచ్చు. అంతా విని, నెల రోజులాగి అప్పుడు కూడా వద్దంటే అది వద్దన్నట్టు.

ఇక మీ అమ్మగారి నలభై సెంట్లు. ఆవిడ ఏమీ రాయకుండా పోతే అది మీకూ, చెల్లెలికీ, పోయిన తమ్ముడి బదులు వాళ్లమ్మాయికీ మూడు సమాన భాగాలవుతుంది. మరదలికి అందులో రాదు. రాయదలచుకుంటే మాత్రం ఆవిడ ఇష్టం. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మా ఇంట్లోనే జరిగింది. మా నాయనమ్మ పేరున పల్లెలో కొద్దిపాటి మెట్ట ఉండేది. ఆవిడ పోయాక ట్రంకు పెట్టె తెరిస్తే, పాత చీర కొంగు చించి కట్టిన మూటలో శిస్తు రసీదులు ఏడాది వరసన పేర్చి ఉన్నాయి. భర్త పోయి పుట్టిల్లు చేరిన మా చిన్నత్తకి ఆ మెట్ట ఇవ్వాలని ఎదురింటావిడతో పదేపదే అనేదట. మా నాన్నా, పెదనాన్నా ఒక్కరోజూ ఆవిణ్ని అడగలేదు. అడగకూడదని కాదు, ఆవిడకొక అభిప్రాయం ఉంటుందని వాళ్లకి తట్టలేదు. ఆ మెట్ట వాటాలైపోయింది. చిన్నత్త చివరిదాకా కుట్టుమిషన్ తొక్కుతూనే బతికింది. ఆ రసీదుల మూట ఇప్పుడు నా బీరువాలో ఉంది.

కాబట్టి మొదటి పని ఇది. నాన్నగారి మరణ ధ్రువపత్రం, తమ్ముడి మరణ ధ్రువపత్రం తీసుకుని, ఇద్దరికీ విడివిడిగా కుటుంబ సభ్యుల ధ్రువపత్రాలకు తహసీల్దారు దగ్గర దరఖాస్తు పెట్టండి. అందులో చెల్లెలి పేరూ, మరదలి పేరూ, అమ్మాయి పేరూ తప్పకుండా ఉండాలి. పేరు వదిలేసి తెచ్చుకున్న ధ్రువపత్రం పదేళ్ల తర్వాత కూడా మెడకు చుట్టుకుంటుంది. ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించి, సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు చేయకూడదన్న 22-ఏ నిషేధిత జాబితాలో పొరపాటున పడిందేమో చూడండి. మన జిల్లాలో జిరాయితీ భూములు కూడా అందులో చేరిపోయి జనం చెప్పులరిగేలా తిరగడం చూస్తూనే ఉన్నాం. తర్వాత రికార్డుల్లో వారసుల పేర్లు ఎక్కించుకుని, అందరూ కూర్చుని భాగ పంపకాల దస్తావేజు రాసుకుని రిజిస్టరు చేయించుకోండి. అమ్మగారు కదల్లేకపోతే దరఖాస్తు పెట్టి రుసుము కడితే సబ్ రిజిస్ట్రారే ఇంటికొచ్చి వేలిముద్ర తీసుకునే వీలు చట్టంలో ఉంది.

వేపగుంట ఇల్లు నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం. ఈ పంచగ్రామాల్లో జనం ఇళ్లు కట్టుకున్న స్థలాలు సింహాచలం దేవస్థానానివన్న తగువు మీకు నేను చెప్పాలా? మీ నాన్నగారి ఇల్లు ఆ పరిధిలోకి వస్తే, రిజిస్ట్రేషన్లు ఆగిపోయిన చోట పంపకమో, గిఫ్టో రాసుకుందామన్నా కుదరదు. అలాగని ఊరుకోకూడదు. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నీటి కనెక్షన్ కాగితాలు, నాన్నగారు స్థలం తీసుకున్ననాటి ఎలాంటి చీటీ అయినా సరే, ఒక ఫైలులో పెట్టి ఒక జిరాక్సు కాపీ మరదలికివ్వండి. రేపు క్రమబద్ధీకరణ ఏ రూపంలో వచ్చినా ఆ ఇంట్లో ఎవరు, ఎన్నాళ్లుగా ఉంటున్నారన్నదే ముందు అడుగుతారు. ఆ ఇంటి మీద మీ నాన్నగారికి ఎలాంటి హక్కు ఉందో అది కూడా పైన చెప్పిన వాటాల్లోనే వారసులకి వచ్చింది. అంటే మీకూ అందులో పాలుంది. నన్నడిగితే, కుటుంబమంతా ఒప్పుకుని ఆనందపురంలో మరదలి వాటా కొంచెం అటూఇటూ అయినా సరే, వేపగుంట ఇంటి జోలికి మేం రామని ఆవిడకి మాటివ్వండి, ఆ మాట కాగితం మీద పెట్టండి. పెళ్లి కావాల్సిన పిల్లని పెట్టుకుని, రేపెప్పుడు బావగారు ఇల్లు ఖాళీ చేయమంటారోనని ఆవిడ బతకడం మీకు ఇష్టం ఉండదనే అనుకుంటున్నాను. ఆవిడకి విడిగా సలహా కావాలంటే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. మీరే చెప్పి పంపండి, బాగుంటుంది.

ఇప్పుడు కూర్మన్నపాలెం ఇల్లు. ఇది పూర్తిగా మీది. మీ జీతంతో కొన్నారు, మీ లోనుతో కట్టారు. కొడుక్కిగానీ, కూతురికిగానీ, మనవడికిగానీ మీరు బతికుండగా ఇందులో హక్కు లేదు. ఎవరికైనా రాసే స్వేచ్ఛ మీకుంది. రాయకుండా పోతే మీ భార్య, కొడుకు, కూతురు, అప్పటికి మీ అమ్మగారుంటే ఆవిడ, నలుగురికీ నాలుగో వంతు చొప్పున వెళ్తుంది.

తరతరాలు అమ్మకూడదన్న షరతు నిలబడదు, అన్నయ్యగారూ. ఒక మనిషికి పూర్తి హక్కుతో ఆస్తి ఇచ్చి, అసలు అమ్మనే కూడదని రాస్తే చట్టం ఆస్తిని ఉంచి షరతుని తీసి అవతల పారేస్తుంది. ఆస్తి బదిలీ చట్టం పదో సెక్షన్ చెప్పేది అదే. ఇంకా పుట్టని వాళ్లకి వరసగా హక్కులు రాసుకుంటూ పోదామన్నా హద్దు ఉంది. ఇప్పుడు బతికున్న మనుషుల జీవితకాలం, ఆ పైన ఒక పిల్లవాడికి పద్దెనిమిది ఏళ్లు నిండేదాకా, అంతకు మించి ఆస్తిని కట్టిపడేయలేరు. కణితి నుంచి, గంగవరం నుంచి, ప్లాంటు కోసం పోర్టు కోసం ఊళ్లకి ఊళ్లే లేచిపోయిన ప్రాంతం మనది. ఇల్లు నిలవాలన్న మీ ఆరాటం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. కానీ మీ మనవడు పెద్దవాడయ్యే నాటికి ఆ ఇల్లు అతనికి ఆసరా అవుతుందో, సముద్రాలవతల నుంచి మోయాల్సిన బరువవుతుందో మీకూ నాకూ తెలియదు.

పైగా ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్లు. మైనరు పేరున స్థిరాస్తి పెడితే, అతనికి పద్దెనిమిది వచ్చేదాకా జిల్లా కోర్టు అనుమతి లేకుండా తండ్రి కూడా దాన్ని అమ్మలేడు, తాకట్టు పెట్టలేడు. ఈ తొమ్మిదేళ్లలో మీకో, మీ ఆవిడకో పెద్ద ఆపరేషన్ వచ్చి పై పోర్షన్ అమ్ముదామన్నా, మీ సొంత ఇల్లు మీకు అక్కరకు రాదు. అమెరికాలోనే పుట్టి ఉంటే అతను విదేశీ పౌరుడు, అప్పుడు ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలు కూడా చూసుకోవాలి.

గిఫ్ట్ డీడ్ మాట. మీ అబ్బాయి చెడ్డవాడని నేననను. దూరాన ఉన్నవాడు, సెలవు పెట్టుకుని వచ్చి ఆఫీసుల చుట్టూ తిరగాలంటే భయపడుతున్నాడు. కానీ గిఫ్టు రిజిస్టరైన మరుక్షణం ఇల్లు అతనిది. మనసు మారింది, వెనక్కిచ్చెయ్యి అనడానికి లేదు. ఆర్డీవో కార్యాలయం మెట్ల దగ్గర ఒక పెద్దావిడని చూశాను. చేతిలో తెల్ల ప్లాస్టిక్ కవరు, అందులో గిఫ్ట్ డీడ్ జిరాక్సు, మందుల చీటీలు, ఒక అరటిపండు. కొడుకు పేర రాసిచ్చిన ఇంట్లో ఆవిడకిప్పుడు మేడ మెట్ల కింది గది. డీడ్‌లో ఆవిణ్ని చూసుకోవాలన్న ముక్క ఎక్కడా లేదు. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చి, చూసుకోకపోతే ఆర్డీవో నడిపే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. షరతు ఉందని చూపించాలని 2022లో సుప్రీంకోర్టు అంది. వృద్ధుల మేలు కోరి ఈ చట్టాన్ని ఉదారంగా చదవాలని 2025 జనవరిలో మరో తీర్పులో చెప్పి, ఒక తల్లి రాసిన గిఫ్టుని రద్దు చేయించింది. ఎప్పటికైనా ఎవరికైనా గిఫ్టు రాయాల్సి వస్తే, జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె మీరే తీసుకునే హక్కు, మీ ఇద్దరి పోషణ, వైద్యం అతని బాధ్యత అన్న మాటలు దస్తావేజులోనే ఉండాలి. నా సలహా మాత్రం, ఇప్పుడు గిఫ్టు వద్దు.

ఆనందపురం భూమిలో మీ వాటానైతే మీ అబ్బాయికి గిఫ్టుగా ఇవ్వడానికే లేదు. విదేశాల్లో ఉండేవాళ్లు వ్యవసాయ భూమిని కొనలేరు, గిఫ్టుగా తీసుకోలేరు. వారసత్వంగా, వీలునామా ద్వారా మాత్రం రావొచ్చు.

అందుకని మీకు సరిపోయేది వీలునామా. బతికినన్నాళ్లూ ఇల్లు మీదే, మనసు మారితే కాగితం మార్చుకోవచ్చు. అందులో ఏం రాయమంటానంటే, ఇల్లు మొత్తం మీ భార్యకి పూర్తి హక్కులతో రాయండి. "ఆమె జీవితకాలం అనుభవించి, తదనంతరం మనవడికి" అని రాయించమని డాక్యుమెంట్ రైటర్లు చెబుతారు. వద్దు. అలా రాసిన వీలునామాల మీద, భార్యకి వచ్చింది జీవిత హక్కా, పూర్తి హక్కా అని దశాబ్దాలుగా కోర్టుల్లో వాదిస్తూనే ఉన్నారు. ఇదే ప్రశ్న మీద, వీలునామా కాకపోయినా భరణం కింద ఒక వితంతువుకి రాజీలో ఇచ్చిన ఆస్తి గురించి, 1977 నాటి తులసమ్మ కేసు మన ఆంధ్రా నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇంకో కారణం కూడా ఉంది. జీవిత హక్కున్న మనిషి ఇల్లు అమ్మి వైద్యం చేయించుకోలేదు. మీతో నలభై ఏళ్లు కాపురం చేసి, మీరు షిఫ్టులకెళితే పిల్లల్నీ అత్తగారినీ ఒంటి చేత్తో చూసుకున్న మనిషి, మీ తర్వాత సొంత ఇంట్లో కాపలాదారులా ఉండకూడదు.

ఆవిడ మీకంటే ముందే వెళ్లిపోతే, ఇల్లు కొడుక్కీ కూతురికీ చెరి సగం. వాళ్లలో ఎవరైనా మీకంటే ముందు కాలం చేస్తే వాళ్ల వాటా వాళ్ల పిల్లలకి. మీ మనవడి పేరు రావాల్సిన చోటు అది. ముచ్చట తీరాలంటే అతని పేరున, ఇరవై ఒకటో ఏట అందేలా కొంత డబ్బు విడిగా రాయండి, అది ఎవరికీ అడ్డం కాదు. అదే రోజున మీ ఆవిడ చేత కూడా ఆవిడ వీలునామా రాయించండి. మీ నుంచి వచ్చేదాన్ని ఎవరికివ్వాలో అందులో ఆవిడ రాసుకుంటారు. మీరు పక్కన నిలబడి చెప్పకండి.

అమ్మాయికి పసుపు కుంకుమ కింద ఇచ్చేశామన్నారు. మీ సొంత ఇంటి విషయంలో ఆమెకు ఇవ్వకుండా ఉండే హక్కు మీకుంది, కాదనను. అయితే పెళ్లిలో పెట్టిన బంగారాన్ని ఒకవైపు రాసినప్పుడు, అబ్బాయి చదువుకీ, విమానం టిక్కెట్టుకీ పెట్టింది కూడా రెండోవైపు రాయండి. అమెరికా నుంచి రాలేనివాడు ఒకరు, మధురవాడ నుంచి బస్సెక్కి రాగలిగే మనిషి ఒకరు. అర్ధరాత్రి మీ అమ్మగారికి ఆయాసం వస్తే మీరు ఎవరికి ఫోన్ చేస్తారో మీకు తెలుసు. ఇంకా కాదూ కూడదూ అనుకుంటే, ఎందుకివ్వలేదో వీలునామాలోనే రెండు వాక్యాలు రాయండి. కారణం లేకుండా వారసుణ్ని వదిలేసిన కాగితాన్ని కోర్టు అనుమానంగానే చూస్తుంది.

అబ్బాయి భయానికి కూడా మందుంది. మీ తర్వాత ఇక్కడి పనులకి అతను భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాసి మధురవాడలోని తోబుట్టువుకి పంపొచ్చు. మీరు ఇప్పుడు రాసిచ్చే పవర్ మాత్రం మీ ఊపిరితోనే పోతుంది, దాన్ని నమ్ముకోవద్దని చెప్పండి. వారసత్వంగా వచ్చిన ఆస్తి అమ్మిన డబ్బుని పన్నులు కట్టి, ఎన్‌ఆర్‌వో ఖాతా (ప్రవాసులు ఇక్కడి డబ్బు పెట్టుకునేది) నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు. మన దేశంలో వారసత్వ పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. అమ్మినప్పుడు మాత్రం లాభం మీద పన్ను ఉంటుంది, దానికి మీరు కొన్న ధరా (2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నది కాబట్టి కావాలంటే ఆనాటి విలువా), కట్టిన ఖర్చూ లెక్కలోకి వస్తాయి. 1994 దస్తావేజుతో పాటు సిమెంటు, ఇనుము బిల్లులు ఉంటే అవీ దాచండి.

వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్ల కాగితం మీద, మీకు అర్థమయ్యే తెలుగులో రాసుకోండి. డోరు నంబరు, సర్వే నంబరు, ప్లాటు నంబరు, నాలుగు హద్దులూ దస్తావేజులో ఉన్నట్టే దించండి. అంతకు ముందు రాసినవన్నీ రద్దని ఒక వాక్యం, తేదీ, ప్రతి పేజీ మీదా సంతకం. సాక్షులు ఇద్దరు, మీరు సంతకం పెట్టడం చూసి వాళ్లూ పెట్టాలి. ఆస్తి పొందేవాళ్లు సాక్షులుగా వద్దు. మీ ఈడు స్నేహితులు కూడా వద్దు. రేపు తగువు కోర్టుకెక్కితే ఆ ఇద్దరిలో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి. మీకంటే పాతికేళ్లు చిన్నవాళ్లని చూసుకోండి. ఒకరు డాక్టరైతే ఇంకా మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించుకుంటే మీకు వీలైన ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసైనా ఫర్వాలేదు. ప్రొబేట్, అంటే వీలునామాని కోర్టులో రుజువు చేయించి ధ్రువపత్రం తెచ్చుకోవడం కూడా మన విశాఖలో తప్పనిసరి కాదు. అమ్మగారు రాస్తే మాత్రం ఆ వయసుకి డాక్టరు సర్టిఫికెట్టూ, రిజిస్ట్రేషనూ రెండూ చేయించండి.

బ్యాంకు డిపాజిట్లలో నామినీ ఎవరో చూసుకోండి. నామినీ డబ్బు అందుకునే మనిషే గాని సొంతదారు కాదు, ఆ డబ్బు ఎవరిదో వీలునామాయో, వారసత్వ చట్టమో చెబుతుంది. 2025 నవంబర్ నుంచి డిపాజిట్లకి నలుగురి దాకా నామినీలు పెట్టుకోవచ్చు. మీ ఆవిడని జాయింటు ఖాతాలో చేర్చి, 'ఐదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు తీసుకోవచ్చు) అని రాయించండి. మీరు పోయిన మర్నాడు ఆవిడ ఏటీఎం పిన్ కోసం ఎవర్నీ అడుక్కోకూడదు.

ఇవన్నీ ఒక్క నెలలో అయ్యేవి కావు. ఈ ఆదివారం మాత్రం ఒక పని చేయండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, టీవీ కట్టేసి, మీ అమ్మగారికి చెవి వినబడే వైపు కుర్చీ వేసుకుని కూర్చోండి. "ఆనందపురంలో నలభై సెంట్లు నీదమ్మా. ఏం చేద్దామనుంది?" అని అడగండి. మొదట "నాకేం తెలుసురా, మీ ఇష్టం" అంటారు. లేచిపోకండి. ఇంకోసారి అడగండి. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాసుకుని, మళ్లీ నాకు ఉత్తరం రాసినప్పుడు ఆ కాగితం కూడా జతచేయండి. మీ పత్రాలన్నీ దాని ప్రకారమే రాసుకుందాం.